సిద్దిపేటకు రైలెందుకు ఆలస్యమైంది?

2023 అక్టోబరు 3, మంగళవారం. నిజామాబాద్‌లో ప్రధాని నరేంద్ర మోదీ మీట నొక్కగానే సిద్దిపేట స్టేషన్‌లో సికింద్రాబాద్ వెళ్లే రైలు కదిలింది. ప్లాట్‌ఫాం మీద అప్పటి మంత్రి హరీశ్‌రావు ఉన్నారు. రైలుబండి చూడడానికి పిల్లాపాపలతో వచ్చిన జనం ఉన్నారు. రెండు పార్టీల జెండాలున్నాయి, పోటాపోటీ నినాదాలున్నాయి. అసెంబ్లీ ఎన్నికలు రెండు నెలల్లోకి వచ్చేశాయి. రైలు తెచ్చింది మేమంటే మేమని ఎవరి డప్పు వారు కొట్టుకున్నారు.

నిజానికి ఆ వాదనలో ఇద్దరికీ తలా కొంత న్యాయముంది. పట్టాలు వేసింది రైల్వే. వేసిన ఖర్చులో మూడో వంతు రాష్ట్రానిది. భూమంతా రాష్ట్రమే సేకరించి ఉచితంగా ఇవ్వాలి. రైలు నడిచాక నష్టమొస్తే మొదటి అయిదేళ్లూ దాన్ని కూడా రాష్ట్రమే భరించాలి. ఇవీ షరతులు. నినాదాల హోరులో వీటి ఊసు పెద్దగా వినబడలేదు కానీ, సిద్దిపేట రైలు కథంతా వీటిలోనే ఉంది.

సికింద్రాబాద్‌కు తొలి రైలు 1874లో వచ్చింది. అక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న సిద్దిపేటకు రావడానికి మరో 149 ఏళ్లు పట్టింది. దారిలో కొండలు అడ్డం లేవు, గోదావరి లాంటి పెద్ద నది దాటే పని లేదు. అంతా దక్కను పీఠభూమి: చెరువులు, చెలకలు, అక్కడక్కడా రాతి గుట్టలు. అడ్డుపడ్డది నేల కాదు. పట్టాలకు డబ్బెవరు పెట్టాలి, ఎవరి అవసరానికి వేయాలి, తీసుకునేవారు ఏ షరతుకు తలొగ్గాలి అన్న లెక్కలే.

మూడు దిక్కులా పట్టాలు, నడుమ పేట

నిజాం రాజ్యంలో మొదటి రైలు మార్గం వాడి నుంచి సికింద్రాబాద్‌కు పడింది. బొంబాయి–మద్రాసు ప్రధాన మార్గం మీద ఉన్న వాడిని సికింద్రాబాద్ కంటోన్మెంటుతో కలపడం బ్రిటిష్ వారికి కావాలి. డబ్బు పెట్టింది నిజాం సర్కారు. నడిపింది బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే. దివాన్ మొదటి సాలార్‌జంగ్ కాలంలో జరిగిన ఈ ఏర్పాటులో అవసరం ఒకరిది, ఖజానా ఇంకొకరిది.

ఆ తరువాతి అడుగు ఇంకా పెద్దది. వరంగల్ మీదుగా చాందా, అంటే నేటి చంద్రపూర్ దాకా, ఇటు బెజవాడ దాకా మార్గం వేయడానికి లండన్‌లో కంపెనీ పెట్టాలన్నారు. అందులో డబ్బు పెట్టిన వాటాదారులకు లాభనష్టాలతో పని లేకుండా ఏటా 5 శాతం వడ్డీకి నిజాం సర్కారు పూచీ పడుతుంది. అందుకే ఆ సంస్థ పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పూచీ పేరులోనే ఉంది.

ఇదంతా గుట్టుగా జరిగిపోతోందని 1883లో హైదరాబాద్‌లో కొందరు గొంతెత్తారు. వారిలో అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. హైదరాబాద్‌లో ఆధునిక కళాశాల విద్యకు పునాది వేసిన పండితుడాయన. ఆయన కూతురు సరోజినికి అప్పటికి నాలుగేళ్లు. ఆ పాపే తరువాత సరోజినీ నాయుడు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఆయనతో కలిశారు. రైలు వద్దని వారెవరూ అనలేదు. ఒప్పందం షరతులు బయటపెట్టండి, ప్రజల ఖజానా నుంచి ఎంత పోతుందో చెప్పండి, చర్చించాకే సంతకం చేయండి అన్నారు. అంతమాత్రానికే ఆ ఏడాది మే నెలలో అఘోరనాథ్‌ను నగరం నుంచి వెళ్లగొట్టారు. కొన్నాళ్లకు మళ్లీ పిలిపించుకున్నారనుకోండి. చాందా రైల్వే ఆందోళనగా పేరుపడిన ఈ ఘటనను హైదరాబాద్ రాజ్యంలో ఆధునిక ప్రజా జీవితానికి తొలి మలుపుగా చరిత్రకారులు చెబుతారు. రైలు ఖర్చు ఎవరిది, షరతులేమిటి అన్న ప్రశ్నకు తెలంగాణలో నూట నలభై ఏళ్ల వయసుందన్న మాట.

పూచీ వడ్డీ మీద నడిచే కంపెనీ పట్టాలను ఊళ్ల కోసం వేయదు. సరుకు కోసం, సైన్యం కోసం, ప్రధాన మార్గాల కలయిక కోసం వేస్తుంది. 1886 నాటికి రైలు వరంగల్ చేరింది. సింగరేణి బొగ్గును బయటికి తేవడానికి ఇల్లెందు వైపు చీలింది. 1889లో బెజవాడ చేరి మద్రాసు వైపు దారి తెరిచింది. తరువాత మరో దిక్కు. గోదావరి లోయ మార్గమని పిలిచిన మీటర్‌గేజ్ లైను మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్‌కు వెళ్లింది. అది 1901 నాటికి పూర్తయింది. చాందా వైపు మార్గం మాత్రం అప్పట్లో ఆగిపోయి, చివరికి 1929లో కాజీపేట–బల్లార్షా లింకుగా పూర్తయింది. మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది.

ఈ మూడు గీతలను పటం మీద గీసి చూస్తే సిద్దిపేట ఎక్కడ ఉందో తెలుస్తుంది. పడమట మన్మాడ్ లైను. దక్షిణాన, ఆగ్నేయాన ఆలేరు, జనగామ మీదుగా బెజవాడ లైను. ఈశాన్యాన జమ్మికుంట, పెద్దపల్లి మీదుగా బల్లార్షా లైను. సరిగ్గా నట్టనడుమ సిద్దిపేట. ఏ దిక్కుకు నడిచినా స్టేషన్ చేరాలంటే కనీసం నలభై కిలోమీటర్లు. పక్కనే సిరిసిల్ల, వేములవాడ, గజ్వేల్, హుస్నాబాద్. ఈ ఊళ్లన్నీ అదే ఖాళీలో ఉండిపోయాయి. లండన్ వాటాదారుల వడ్డీకి పూచీ పడిన ఖజానాలో చేరేది మాత్రం ఊరూరి రైతు కట్టిన శిస్తే.

రైల్వే వారి ఎర్రబస్సు

1930లో నిజాం సర్కారు కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. రెండేళ్లకు రైల్వేలోనే రోడ్డు రవాణా విభాగం పుట్టింది. 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన ఆ విభాగమే నేటి ఆర్టీసీకి మూలం.

ఈ ఏర్పాటు వెనుక తెలివైన ఆలోచన ఉంది. ప్రైవేటు మోటారు బస్సులు రైలుకు పోటీగా తయారవుతున్న రోజులవి. బస్సును శత్రువులా చూడకుండా రైల్వే తన చేతిలోకే తీసుకుంది. పట్టాలు ఉన్నచోట రైలు, లేనిచోట బస్సు, రెండింటికీ ఒకే యాజమాన్యం. 1945లో దక్కన్ ఎయిర్‌వేస్‌లో టాటాలతో పాటు నిజాం రైల్వే కూడా భాగస్వామి అయ్యింది. అంటే నేల మీద రెండు, గాలిలో ఒకటి, మూడు రకాల రవాణాలో ఒకే సంస్థ చెయ్యి ఉండేది. రైలు దిగగానే బస్సు దొరకాలి, రెండింటికీ ఒకే టికెట్టు ఉండాలి అని ఇప్పటి ప్రణాళికా నిపుణులు పట్టుబట్టే సమన్వయానికి బీజం ఆ రోజుల్లోనే పడింది.

ఆ బంధం ఎక్కువ కాలం నిలవలేదు. హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిశాక రైల్వే కేంద్రానికి పోయింది, బస్సులు రాష్ట్రానికి వచ్చాయి. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఒకే కప్పు కింద ఉన్న రైలు, బస్సు అలా విడిపోయాయి.

విడిపోయాక సిద్దిపేట పూర్తిగా బస్సు ఊరైపోయింది. హైదరాబాద్ నుంచి కరీంనగర్, రామగుండం వెళ్లే రహదారి ఊరి మీదుగానే పోతుంది. ఆ దారే తరువాత రాజీవ్ రహదారి అయ్యింది, నాలుగు వరుసలైంది. గొల్లభామ చీర నేసే నేతగాడు, పత్తి అమ్మే రైతు, పట్నంలో కొలువు చేసే గుమస్తా, ఉస్మానియాలో చదివే విద్యార్థి, అందరికీ జూబ్లీ బస్ స్టేషనే పట్నం గడప. పొద్దున బయల్దేరి పనిచూసుకుని రాత్రికి ఇల్లు చేరడం సిద్దిపేట జనానికి తరాల అలవాటు. శివారు రైలు అంటూ ఏదైనా రావాలంటే ఈ అలవాటుతోనే పోటీ పడాలి. ఈ సంగతి పథకాలు గీసినవారికి ఎంతవరకు తట్టిందో కానీ, బస్సెక్కే జనానికి మాత్రం బాగా తెలుసు.

మంజూరైన పదేళ్లకు శంకుస్థాపన

ఉత్తర తెలంగాణ నడిమి ఖాళీని పూరించే తొలి ప్రయత్నం సిద్దిపేటకు పైన, పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ మార్గంతో మొదలైంది. పీవీ నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993లో శంకుస్థాపన జరిగింది. 177 కిలోమీటర్ల ఆ లైను చివరి ముక్క తెరుచుకునేసరికి 2017 వచ్చింది. ప్రధాని సొంత జిల్లా మార్గానికే పాతికేళ్లు పడితే మిగతా ఊళ్ల గతి ఊహించుకోవచ్చు.

సిద్దిపేట మార్గం పేరు మనోహరాబాద్–కొత్తపల్లి. సికింద్రాబాద్–నిజామాబాద్ లైను మీదున్న మనోహరాబాద్ దగ్గర చీలి గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ మీదుగా కరీంనగర్ పక్కనున్న కొత్తపల్లిలో పెద్దపల్లి లైనును కలుస్తుంది. పొడవు 151 కిలోమీటర్లు, అంచనా 1,160 కోట్ల రూపాయలు. 2006–07 రైల్వే బడ్జెట్లో మంజూరైంది. సిద్దిపేట నుంచి వరుసగా ఎమ్మెల్యేగా గెలిచి, 2004లో కరీంనగర్ ఎంపీ అయి కేంద్రంలో మంత్రిగా ఉన్న కె.చంద్రశేఖర్‌రావు చొరవతోనే ఇది పట్టాలెక్కిందని ఆయన పార్టీ చెప్పుకుంటుంది.

మంజూరు కావడం వేరు, పని మొదలవడం వేరు. రైల్వే లెక్క ప్రకారం కొత్త లైను మీద పెట్టిన డబ్బుకు ఏటా ఇంత శాతం రాబడి రావాలి. బొగ్గు గనులూ సిమెంటు కంపెనీలూ లేని చోట, జనం మాత్రమే ఎక్కే చోట ఆ శాతం రాదు. అలాంటి మార్గాలకు రైల్వే రాష్ట్రాల ముందు ఓ దారి పెట్టింది: ఖర్చు పంచుకోండి, భూమి ఇవ్వండి, నష్టం భరించండి. ఒకప్పుడు నిజాం సర్కారు లండన్ వాటాదారులకు వడ్డీ పూచీ ఇచ్చింది. ఇప్పుడు రాష్ట్ర సర్కారు రైల్వే మంత్రిత్వ శాఖకు నష్టపు పూచీ ఇచ్చింది. పూచీ పడేది మాత్రం రెండుసార్లూ స్థానిక ఖజానానే.

పక్కనున్న మెదక్‌ది కూడా ఇదే కథ. పేరుకు జిల్లా కేంద్రం, రైలు లేదు. మన్మాడ్ లైను మీది అక్కన్నపేట నుంచి కేవలం 17 కిలోమీటర్ల పట్టా వేయడానికి రైల్వే, రాష్ట్రం చెరి సగం ఖర్చు పంచుకున్నాయి. 2022 సెప్టెంబరులో గానీ మెదక్‌లో రైలు కూత వినబడలేదు.

సిద్దిపేట మార్గానికి మంజూరైన పదేళ్లకు, 2016 ఆగస్టు 7న గజ్వేల్ మండలం కోమటిబండలో శంకుస్థాపన జరిగింది. మిషన్ భగీరథ ప్రారంభించడానికి వచ్చిన ప్రధాని మోదీ అదే వేదిక మీద ఈ పని కూడా చేశారు. ముఖ్యమంత్రి కేసీఆర్ పక్కనే ఉన్నారు. రెండు నెలలు తిరిగేసరికి, అక్టోబరు 11 దసరా రోజున, మెదక్ నుంచి విడిపోయి సిద్దిపేట జిల్లా అయ్యింది. జిల్లా కేంద్రానికి రైలు లేదన్న వెలితి అప్పుడు మరింత కొట్టొచ్చినట్టు కనబడింది.

పనులు మనోహరాబాద్ వైపు నుంచి ముక్కలు ముక్కలుగా సాగాయి. 2020లో పట్టాలు గజ్వేల్ చేరాయి. అదే ఏడాది మే నెలాఖరులో గజ్వేల్ పక్కన కొండపోచమ్మ సాగర్‌లోకి గోదావరి నీళ్లు వచ్చాయి. ఒకే వేసవిలో ఆ ప్రాంతానికి నీళ్లూ పట్టాలూ రెండూ చేరాయి. నీళ్లు వెంటనే కాలువల్లోకి వెళ్లాయి. పట్టాల మీద ప్రయాణికుల బండి మాత్రం మరో మూడేళ్లకు గానీ రాలేదు.

మనుషుల కంటే ముందు ఎరువులొచ్చాయి. 2022లో గజ్వేల్ రేక్ పాయింటుగా మారింది. అంతకుముందు ఈ ప్రాంతపు యూరియాను దూరపు స్టేషన్లలో దించి లారీల్లో తోలేవారు. ఒక రేక్ అంటే ఎంతో లెక్క చూడండి. నలభైకి పైగా వ్యాగన్లు, సుమారు 2,600 టన్నులు. 45 కిలోల బస్తాలుగా చూస్తే యాభై వేలకు మించి. రేక్ వచ్చిందని కబురందగానే హమాలీలు గుంపులుగా చేరతారు. ఒక్కో వ్యాగన్ తలుపు దగ్గర ఇద్దరు బస్తా ఎత్తి భుజానికి అందిస్తే, మిగతావారు వరసగా లారీలో పేరుస్తారు. రైల్వే ఇచ్చిన గడువులోగా వ్యాగన్లన్నీ ఖాళీ కావాలి. ఆలస్యమైతే గంటల లెక్కన డెమరేజ్ పడుతుంది. అందుకే రాత్రిపూట కూడా లైట్ల వెలుతురులో పని ఆగదు. నాట్ల కాలంలో యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డ రైతుకు ఈ రైలు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ తరువాత కొడకండ్ల, కొండపాక వైపు సాగి దుద్దెడ దాటి 2023లో పట్టాలు సిద్దిపేట చేరాయి. మనోహరాబాద్ నుంచి 76 కిలోమీటర్లు. మంజూరు కాగితం నుంచి మొదటి ప్రయాణికుడి టికెట్టు దాకా పదిహేడేళ్లు.

శివారు ఎక్కడిదాకా?

సిద్దిపేటకు వచ్చింది దూరప్రాంతాలకు పరుగెత్తే ఎక్స్‌ప్రెస్ కాదు. చిన్న చిన్న స్టేషన్లలో ఆగుతూ పట్నం చేరే ప్యాసింజర్. కాబట్టి దాని మంచిచెడ్డలు తేల్చాలంటే పట్నం శివారు రైళ్ల చరిత్ర కూడా చూడాలి.

మద్రాసులో 1931లోనే బీచ్ నుంచి తాంబరం దాకా మీటర్‌గేజ్ మీద విద్యుత్ లోకల్ రైళ్లు నడిచాయి. బొంబాయిలో అంతకు ఆరేళ్ల ముందే, 1925లో, కుర్లా వైపు తొలి విద్యుత్ రైలు కదిలింది. ఆ రెండు నగరాల్లో చాలా పేటలు పట్టాల వెంట పెరిగాయి. స్టేషన్ ఉన్నచోట ఇల్లు కట్టుకోవడం అక్కడి మధ్యతరగతికి అలవాటైంది. హైదరాబాద్‌లో తలకిందులు. ఊరు రోడ్ల వెంట విస్తరించింది. రైలు తరువాత వెతుక్కుంటూ వచ్చింది.

హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. అప్పటి ఉపప్రధాని లాల్‌కృష్ణ ఆడ్వాణీ జెండా ఊపారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. ఉన్న పట్టాలనే వాడుకుని లింగంపల్లి, నాంపల్లి, సికింద్రాబాద్, ఫలక్‌నుమాలను కలిపారు. తొలి దశ ఖర్చు సుమారు 178 కోట్లు. రైల్వే, రాష్ట్రం చెరి సగం. హైటెక్ సిటీ ఉద్యోగుల నుంచి పాతబస్తీ కూలీల దాకా అందరికీ చవకగా దొరికిన బండి అది.

రెండో దశకు వచ్చేసరికి వాటా మారిపోయింది. రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు. 2012–13లో 816 కోట్ల అంచనాతో మంజూరైంది. మేడ్చల్, ఘట్‌కేసర్, ఉందానగర్, రామచంద్రాపురం వైపు మార్గాలు అందులో ఉన్నాయి. రాష్ట్ర వాటా అందక పనులు నత్తనడక నడిచాయని రైల్వే వైపు నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఈలోగా అంచనా వెయ్యి కోట్లు దాటింది. చివరికి 2023 ఏప్రిల్ 8న మేడ్చల్ వైపు, 2024 మార్చి 5న మౌలాలి మీదుగా ఘట్‌కేసర్–లింగంపల్లి వైపు బండ్లు మొదలయ్యాయి.

ఇక్కడే సిద్దిపేట లెక్కలోకి వస్తుంది. ఎంఎంటీఎస్ కొస మేడ్చల్. సిద్దిపేట లైను మొదలు మనోహరాబాద్. రెండింటి నడుమ దూరం పది పదిహేను కిలోమీటర్లే. పట్టాలు ఒకటే, వాటి మీద నడిచే వ్యవస్థలు రెండు. ఒకటి నగర రైలు, రెండోది పల్లె ప్యాసింజర్. సిద్దిపేట జిల్లా నుంచి వచ్చే బండిని నగర లోకల్ వేళలతో ముడిపెట్టి ఒకే పట్టికగా నడపడం కాగితం మీద అసాధ్యం కాదు. కానీ అలా ఆలోచించే సంస్థ ఏదీ?

ముంబయికి అలాంటి సంస్థ ఉంది. 1999లో పెట్టిన ముంబయి రైల్వే వికాస్ కార్పొరేషన్‌లో రైల్వే వాటా 51 శాతం, మహారాష్ట్ర వాటా 49 శాతం. లోకల్ రైళ్ల విస్తరణ పనుల్లో రాష్ట్రానికి బోర్డులోనే కుర్చీ ఉంటుంది. కర్ణాటకలో కూడా రైల్వేతో కలిసి పెట్టుకున్న కే-రైడ్ సంస్థ బెంగళూరు చుట్టూ 148 కిలోమీటర్ల సబర్బన్ మార్గం కడుతోంది. 2022 జూన్‌లో దానికి శంకుస్థాపన జరిగింది. హైదరాబాద్‌కు మాత్రం రాష్ట్రం వాటా కట్టే పద్ధతి ఉంది కానీ, వేళలు, బండ్ల సంఖ్య, స్టేషన్ల మీద మాట చెల్లే పద్ధతి లేదు. 1883లో అఘోరనాథ్ అడిగింది దాదాపు ఇదే.

బస్సు రెండు గంటలు, రైలు మూడు

ఇప్పటి సిద్దిపేట రైలు ఎలా నడుస్తోంది? మొదలైన నాటి వేళలు చూస్తే ఉదయం ఏడు లోపు సిద్దిపేటలో బయల్దేరి పది దాటాక సికింద్రాబాద్ చేరేది. రోజుకు రెండు రాకలు, రెండు పోకలు. మొత్తం దూరం దాదాపు 116 కిలోమీటర్లు. ప్రయాణం మూడు గంటలు, కాస్త అటూ ఇటూ.

రాజీవ్ రహదారి మీద బస్సు దాదాపు రెండు గంటల్లో జూబ్లీ బస్ స్టేషన్ చేరుస్తుంది. పైగా బస్సు కోసం వేళ చూసుకోనక్కర్లేదు, ఒకటి పోతే వెనకాలే ఇంకొకటి. రైలు టికెట్టు బస్సు టికెట్టు కన్నా బాగా చవక. ముసలివాళ్లకు, మూటాముల్లెతో వెళ్లేవారికి రైలే సుఖం. కానీ పదింటికి ఆఫీసులో ఉండాల్సినవారికి పది దాటాక స్టేషన్ చేర్చే రైలు ఎందుకూ కొరగాదు.

ఈ వెనుకబాటుకు కారణాలు పట్టాల అమరికలోనే ఉన్నాయి. మొదటిది చుట్టుదారి. రోడ్డు శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్ మీదుగా సూటిగా ఉత్తరానికి పోతే, రైలు ముందు మేడ్చల్, మనోహరాబాద్ దాకా వాయవ్యంగా వెళ్లి అక్కడ తూర్పుకు మళ్లుతుంది. రెండోది ఒంటి లైను. సిద్దిపేట మార్గమంతా ఒకే పట్టా. మేడ్చల్ దాటాక మన్మాడ్ వైపు లైను కూడా ఎక్కువ భాగం అంతే. ఎదురుగా బండి వస్తే ఏదో ఒకటి పక్క లైనులో ఆగి ఎదురుచూడాల్సిందే. అలా ఆగేది ఎక్స్‌ప్రెస్ కాదు, ప్యాసింజరే.

రెండో కారణానికి మందు సిద్ధమవుతోంది. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఏడు మార్గాల విస్తరణలో ముద్ఖేడ్–మేడ్చల్ డబ్లింగ్ కూడా ఉంది. అది పూర్తయితే మనోహరాబాద్ దాకా రెండు పట్టాలుంటాయి. బండ్ల సంఖ్య పెంచమని అడగడానికి అప్పుడు బలముంటుంది.

చిన్న మార్పులు కూడా కొన్నిసార్లు పెద్ద పని చేస్తాయి. కొమురవెల్లి అందుకు ఉదాహరణ. సంక్రాంతి తరువాత మల్లన్న జాతర మొదలై ఉగాది దాకా ఆదివారాలు సాగుతుంది. మొదటి ఆదివారాన్ని పట్నం వారం అంటారు, తరువాతి దాన్ని లష్కర్ వారం. హైదరాబాద్ భక్తులు ఒక వారం, సికింద్రాబాద్ భక్తులు మరో వారం. యాదవ కుటుంబాలు బోనాలెత్తుకుని, పట్నాలేయించి, పసుపు బండారు చల్లుకుంటూ వస్తాయి. వారాల పేర్లలోనే రెండు నగరాలున్న ఆ జాతరకు పట్టాలు పక్కనుంచే పోతున్నా మొదట్లో స్టేషన్ లేదు. జనం అడగ్గా అడగ్గా 2024 ఫిబ్రవరి 15న అక్కడ హాల్టు స్టేషన్‌కు కేంద్రమంత్రి కిషన్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. లష్కర్ నుంచి లష్కర్ వారానికి నేరుగా రైలు దొరకడం ఈ మార్గానికి దక్కగల మేలైన గిరాకీల్లో ఒకటి. దాన్ని వాడుకోవాలంటే ఆ ఆదివారాలకు ప్రత్యేక బండ్లు కావాలి.

సిద్దిపేట అవతల పని సిరిసిల్ల వైపు సాగుతోంది. మధ్యలో మిడ్ మానేరు జలాశయం మీద పొడవైన వంతెన కట్టాలి. అది దాటి వేములవాడ రాజన్న సన్నిధి మీదుగా కొత్తపల్లి చేరితే సిద్దిపేట ఇక కొసన ఉండే స్టేషన్ కాదు, దారిలో ఉండే స్టేషన్ అవుతుంది. కరీంనగర్ నుంచి సికింద్రాబాద్‌కు కాజీపేట చుట్టూ తిరగనక్కర్లేదు. సిరిసిల్ల మరమగ్గాల బట్ట, సిద్దిపేట మక్క, పత్తి రైలెక్కుతాయి. వీటన్నిటికీ మించి, 2023లో రైల్వే శాఖ హైదరాబాద్ చుట్టూ దాదాపు 564 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రైలుకు తుది సర్వే మంజూరు చేసింది. ప్రాంతీయ రింగ్ రోడ్డు ఎటూ గజ్వేల్ మీదుగానే పోతుంది. రెండు వలయాలు సిద్దిపేట లైనును తాకితే ఆ చిన్న స్టేషన్ల రూపురేఖలు మారిపోతాయి.

అయితే సర్వేలూ శంకుస్థాపనలూ ఈ ప్రాంతానికి కొత్త కాదు. చాందా మార్గం నలభై ఏళ్లకు పైగా ఆగింది. పెద్దపల్లి లైను పాతికేళ్లు తీసుకుంది. సిద్దిపేట మంజూరయ్యాక పదేళ్లు ఫైల్లోనే ఉంది. ప్రతిసారీ పట్టాలు ఆలస్యమైంది ఇంజినీర్ల వల్ల కాదు, వాటాల తగువు వల్ల. ఇప్పుడు పట్టాలు వచ్చేశాయి కాబట్టి తగువు వేళల దగ్గరికి, బండ్ల సంఖ్య దగ్గరికి మారింది. నష్టపు పూచీ గడువు అయిదేళ్లే. ఆ తరువాత బండి పెంచాలా, తగ్గించాలా అన్నది రైల్వే తన లెక్కలు చూసుకుని తేలుస్తుంది. ఖాళీగా తిరిగే బండికి అప్పుడు మొదటి వేటు పడవచ్చు.

కాబట్టి సిద్దిపేట, గజ్వేల్ ప్రజలు ఇక అడగాల్సింది రైలు ఎవరు తెచ్చారని కాదు. ఉదయం తొమ్మిదిన్నరకల్లా సికింద్రాబాద్ చేర్చే బండి ఒకటి కావాలి. మేడ్చల్‌లో ఎంఎంటీఎస్ వేళకు అందే బండి ఇంకొకటి కావాలి. స్టేషన్ దిగగానే ఆర్టీసీ బస్సు కనబడాలి. ఖర్చులో మూడో వంతు పెట్టిన రాష్ట్రం వీటి మీద తన మాట చెల్లించుకునే ఒప్పందం రాయించుకోవాలి. నిజాం రైల్వే 1932లో రైలును, బస్సును ఒకే చేతితో నడిపింది. అంతకన్నా వెనుకబడి ఉండటానికి ఇవాళ ఏ సాకూ లేదు.